పిల్లల సొంత కథ దిద్దేటప్పుడు ఎర్ర పెన్ను కాసేపు పక్కన పెట్టండి

"మాది ఒక చిన్న గ్రామం. మా నాన్న ఒక పేద రైతు." కాలేజీ మ్యాగజైన్‌కో, స్కాలర్‌షిప్ దరఖాస్తుకో, ఏదో ఒక పోటీకో పిల్లలు తమ గురించి రాసి తెచ్చే కాగితాలు చాలావరకు ఇట్లే మొదలవుతాయి. కర్నూలు జిల్లాలో ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు పిల్లలైతే రెండో పేరాలో వాన రాదు, మూడో పేరాలో అప్పు వస్తుంది, చివరి పేరాలో కలెక్టర్ అవుతామంటారు. ఇందులో అబద్ధం ఒక్కటి కూడా ఉండదు. అన్నీ నిజాలే, కానీ పైన పేరు కొట్టేసి పక్క బెంచీ పిల్లవాడి పేరు రాసినా ఏమీ తేడా రాదు, చిక్కంతా అక్కడే.

ఇది టీచర్ల కోసం రాస్తున్నా, కానీ టీచర్లకే అని కాదు. ఇంట్లో నలుగురికంటే కాస్త ఎక్కువ చదువుకున్నారని "అన్నా, కొంచెం చూసి కరెక్ట్ చేసి పంపు" అంటూ వాట్సాప్‌లో ఫోటోలు వచ్చే అన్నలకి, అక్కలకి, బాబాయిలకి కూడా. సొంతంగా రాసుకునే పిల్లలు చదివితే ఇంకా మంచిది, ఎందుకంటే కింద చెప్పే ప్రశ్నలు వాళ్ళకి వాళ్ళే వేసుకోవచ్చు.

నేను నమ్మేది ఒకటే. ఇట్లాంటి కథను దిద్దడమంటే వాక్యాలకు రంగు వేయడం కాదు, పిల్లవాడు అసలు సంగతి దగ్గరికి వచ్చి, సిగ్గుపడో భయపడో లేక అది రాయదగ్గ విషయమే కాదనుకునో ఒక్క వాక్యంలో దాటేసి వెళ్ళిపోయిన చోటు ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకోవడం. పట్టుకున్నాక మీరు రాయకూడదు. అడగాలి.

మొదటిసారి పెన్ను లేకుండా చదవండి

వీలైతే పిల్లతోనే గట్టిగా చదివించండి, మీరు ఊరికే వినండి. తప్పులు కనిపిస్తాయి, చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోండి. ఒత్తు లేదని, దీర్ఘం లేదని మొదటి రోజే ఎర్రగీతలు కొడితే రెండు నష్టాలు. ఒకటి, రేపు ఆ పేరానే తీసేస్తారేమో, తీసేసే పేరాలో తప్పులు దిద్ది ఏం లాభం? రెండోది ఇంకా పెద్దది. పేజీ నిండా ఎర్ర చూసిన పిల్ల రెండో డ్రాఫ్ట్‌లో తనకు కచ్చితంగా రాయడం వచ్చిన మాటలే వాడుతుంది, అంటే పాఠ్యపుస్తకంలో చూసిన మాటలే, అంటే కథ ఇంకా చప్పగా తయారై వస్తుంది.

చదివేటప్పుడు గొంతు ఎక్కడ మారిందో గమనించండి. ఎక్కడ వేగం పెంచి గబగబా దాటేశారు, ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ "ఇది వద్దులే సార్" అన్నారు. ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టండి. మొదటి రోజు పని అంతే.

పుట్టినప్పటి నుంచి కాకుండా ఒక రోజు

పిల్లలు కథ అనగానే బయోడేటా రాస్తారు. పుట్టాను, అంగన్‌వాడీకి పోయాను, ఐదో తరగతి దాకా ఊళ్ళో, పది హాస్టల్లో, ఇంటర్‌లో ఇన్ని మార్కులు. వాళ్ళ తప్పు కాదు, వ్యాసం అంటే అన్నీ చెప్పాలి, ఉపోద్ఘాతం ఉండాలి, ముగింపు ఉండాలి అని మనమే నేర్పాం. కాబట్టి కాగితం పక్కన పెట్టించి అడగండి: "ఇందులో ఏ రోజు నీకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది?" వెంటనే చెప్పరు. "అన్నీ గుర్తున్నాయి సార్" అంటారు. అన్నీ గుర్తుండవు. కాసేపు ఊరుకుంటే ఒక రోజు బయటికొస్తుంది, చాలాసార్లు ఆ రోజు డ్రాఫ్ట్‌లో ఒక్క వాక్యంగా ఉంటుంది, కొన్నిసార్లు అసలే ఉండదు.

చెప్పడం కన్నా చూపిస్తే సులువు. కింద పేరా ఫలానా పిల్లది కాదు, మా కర్నూలు జిల్లా పడమటి వైపు చాలామంది రాసేవాటి పోలికలో నేను కట్టిన పేరా.

"మాది కర్నూలు జిల్లాలోని ఒక చిన్న గ్రామం. మా తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. మా గ్రామంలో వర్షాలు సరిగా పడవు. అందువలన మా వారు ప్రతి సంవత్సరం గుంటూరునకు వలస వెళ్ళెదరు. అక్కడ వారు ఎన్నో కష్టములు పడుదురు. నేను ఆరవ తరగతి చదువుచుండగా నన్ను మా అవ్వ వద్ద వదిలి వెళ్ళిరి. ఆ రోజు నాకు చాలా బాధ కలిగినది. నా కన్నీళ్ళు ఆగలేదు. అప్పుడే నేను బాగా చదివి వారి కష్టములు తీర్చాలని నిర్ణయించుకున్నాను."

ఎర్ర పెన్ను ఉన్న చెయ్యి ఇందులో "చదువుచుండగా"కి సున్నా చుడుతుంది, లేదా ఇంకో నాలుగు విశేషణాలు పెట్టమంటుంది. వదిలేయండి. ఇందులో కథ ఉన్న వాక్యం ఒక్కటే: "నన్ను మా అవ్వ వద్ద వదిలి వెళ్ళిరి." ముందరున్నవన్నీ దాని దగ్గరికి తీసుకొచ్చే దారి, వెనకున్నవన్నీ దాన్నుంచి పారిపోయే దారి.

ఇక అడగడం మొదలుపెట్టండి, కానీ "నీకు ఎట్లా అనిపించింది" అని మాత్రం అడగొద్దు. అట్లా అడిగితే "చాలా బాధగా అనిపించింది" అనే వస్తుంది, అది ఆల్రెడీ రాసి ఉంది. కళ్ళు, చెవులు, చేతులు గుర్తుపెట్టుకున్నవి అడగండి. బండి ఏ పొద్దున వచ్చింది? ట్రాక్టరా, ఆటోనా, లేక స్టేషన్ దాకా నడిచిపోయారా? ఏమేం మూట కట్టుకుపోయారు? పోతున్నారని నీకు ముందే చెప్పారా, లేక మూటలు చూసి నీకే తెలిసిందా? తమ్ముణ్ణి ఏం చేశారు, తీసుకుపోయారా? అమ్మ పోతూ పోతూ ఏమంది, అదే మాటల్లో చెప్పు. వలస పోయేవాళ్ళ పిల్లల కోసం బడిలో సీజనల్ హాస్టల్ పెట్టినారు కదా, అందులో ఎందుకు ఉండలేదు? మర్నాడు బడికి పోయావా? పోతే బడి ఎట్లుంది?

చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. మర్నాడు ఏం జరిగిందని ఎవరూ అడగరు, పిల్లలూ రాయరు. దుఃఖం వచ్చిన రోజు అందరికీ ఒకేలా ఉంటుంది, మర్నాడు మాత్రం ఎవరిది వాళ్ళదే.

జవాబులు నోటితో చెప్పాక వాటినే రాయమంటే ఇట్లా రావచ్చు:

"పోతారని నాకు ముందే తెలుసు. నాలుగు రోజుల నుంచి అమ్మ బియ్యం, జొన్నపిండి, ఎర్రగడ్డలు, ఎండు మిరపకాయలు మూట కడుతోంది. 'మిరక్కాయలు కోసేకి పోతా ఇంటినుంచి మిరక్కాయలు మోస్కపోతావేందే' అని నాయన నవ్వినాడు. అమ్మ నవ్వలేదు. అక్కడ చేలో రాలిన కాయ ఏరుకున్నా మేస్త్రీ అరుస్తాడని చెప్పింది.

తెల్లవారక ముందే ఊరి బయట బండి హారన్ కొట్టింది. నేను మేలుకునే ఉన్నాను, కళ్ళు తెరవలేదు. అమ్మ నా కాళ్ళ మీద దుప్పటి సర్ది, తమ్ముణ్ణి చంకన వేసుకుంది. 'బడి ఇడ్సిపెట్టొద్దు పాపా' అంది. నేను మేలుకున్నానని అమ్మకు ఎట్లా తెలిసిందో నాకు తెలియదు.

పొద్దున అవ్వ రొట్టె చేసింది. తిని బడికి పోయాను. క్లాసులో సగం మంది లేరు. సారు పేరు పిలుస్తుంటే ఎవరో ఒకరు 'సుగ్గికి పోయినాడు సార్' అంటున్నారు. నా పేరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ సార్' అన్నాను, ఎప్పటికంటే గట్టిగా."

(సుగ్గి అంటే మా వైపు కూలి పనికి వలస పోవడం.) చూడండి, "బాధ" అన్న మాట ఎక్కడా లేదు. కష్టం అన్న మాట కూడా లేదు. వర్షాలు సరిగా పడవు అన్న వాక్యం పోయింది, ఎందుకు పోతున్నారో చదివేవాళ్ళకి అర్థమైపోతుంది. కలెక్టర్ అవుతానని చెప్పలేదు కానీ బడి మానలేదని తెలిసింది. ముఖ్యంగా, ఇందులో పేరు మార్చి ఇంకొకరిది అనడానికి లేదు. ఎండు మిరపకాయల మూట ఆ అమ్మది, ఆ నవ్వు ఆ నాయనది.

ఇదంతా బాగుంది కానీ మా పిల్లలకు రాయడమే రాదు అంటారు. రాయడం రాకపోవచ్చు, చెప్పడం వచ్చు. ఫోన్ ఇచ్చి వాయిస్ రికార్డు చేయమనండి. ఎదురుగా మీరు కూర్చుంటే బిగుసుకుపోతారు కాబట్టి స్నేహితుడికి చెబుతున్నట్టు వాట్సాప్ వాయిస్ మెసేజ్ పెట్టమన్నా సరే. ఐదు నిమిషాలు చాలు. తర్వాత దాన్ని వాళ్ళే వింటూ, ఆపుకుంటూ, ఉన్నది ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కించాలి. ఆ కాగితం చూస్తే గ్రాంథికం రాసిన పిల్ల, ఈ మాటలు చెప్పిన పిల్ల ఒకరేనా అనిపిస్తుంది. అందులో అక్కర్లేనివి చాలా ఉంటాయి, "మరేమో", "ఇంకేమంటే" ఉంటాయి, అవి తర్వాత తీసేయొచ్చు. తీసేయడం సులువు. లేనిది తెప్పించడమే కష్టం.

భాష గురించి రెండు మాటలు

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, వ్యవహారిక భాష కోసం ఆయన ఎట్లా పోరాడారో మైకులో చెబుతాం, మర్నాడు క్లాసులో పిల్లవాడు "పోయినాను" అని రాస్తే కొట్టేసి "వెళ్ళితిని" అని రాస్తాం. పెద్దాయన వింటే ఏమనేవారో గానీ, కథ మాత్రం అక్కడే చచ్చిపోతుంది.

నా పద్ధతి ఏమిటంటే, కథ నడిపే వాక్యాలు మామూలుగా అందరం రాసే తెలుగులో ఉండొచ్చు, పత్రికల తెలుగు అనుకోండి, కానీ మనుషుల మాటలు మాత్రం వాళ్ళ నోట్లోంచి వచ్చినట్టే ఉండాలి. ఎమ్మిగనూరు చేనేత మగ్గం దగ్గర కూర్చున్న తాత "నాయనా, నీవు ఎచ్చటికి వెళ్ళుచున్నావు" అనడు. "యాడికి పోతాండావురా" అంటాడు. అవ్వ, జేజి, నాయన, చిన్నాయన, పిల్లవాడు ఇంట్లో ఎట్లా పిలుస్తాడో అట్లే ఉంచండి. ఆదోని చుట్టుపక్కల ఇళ్ళలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసే నడుస్తాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల వాళ్ళమ్మ మాటను తెలుగు లిపిలో అట్లే రాసి, పక్క వాక్యంలో అర్థం తెలిసేలా చేస్తే ఎంత బాగుంటుందో. తప్పని కొట్టేయకండి.

అయితే ఒక జాగ్రత్త. యాస ఉంటే చాలు, సహజంగా ఉంటుందని ప్రతి వాక్యంలో "అబ్బీ", "రెడ్డీ" అని తెచ్చిపెట్టి రాసేవాళ్ళూ ఉన్నారు. సినిమాల్లో సీమ మాట విని నేర్చుకున్నట్టు ఉంటుంది అది, మన ఇళ్ళలో ఎవరూ అట్లా మాట్లాడరు. నిజంగా ఆ రోజు అన్న మాట రెండు చోట్ల ఉంటే చాలు.

ఇంగ్లీషు మాటలతో పేచీ వద్దు. బస్సు పాస్, హాల్ టికెట్, టెన్షన్, రీచార్జ్, వాళ్ళు రోజూ అనే మాటలే. వాటికి తెలుగు వెతికితే కాగితం మీద ఉన్న మనిషి మారిపోతాడు.

కష్టాల పోటీ

ఇది కొంచెం కటువుగా చెబుతాను. స్కాలర్‌షిప్ కోసం రాసేటప్పుడు కష్టం ఎంత పెద్దదైతే అంత మంచిదని పిల్లల తలలో పడిపోయింది, అందులో మన చెయ్యి కూడా ఉంది. నాన్న తాగుడు, అక్క పెళ్ళి ఆగడం, అప్పులవాళ్ళు ఇంటి మీదికి రావడం, ఇవి చెప్పుకుంటే తప్ప తనకు కథే లేదనుకునే పిల్లలు ఉన్నారు. చెప్పాలనిపిస్తే చెప్పనివ్వండి, కానీ లాగొద్దు. ఇంట్లో ఎవరైనా ఆత్మహత్య చేసుకుని ఉంటే, ఆ రోజు ఏమేం చూశావని గుచ్చి గుచ్చి అడిగే హక్కు దిద్దేవాళ్ళకు లేదు. "ఇది రాయాలని నీకుందా, లేక రాస్తే సీటు వస్తుందని రాస్తున్నావా?" అని ఒక్కసారి అడగండి. రెండోదైతే ఇంకో కథ వెతుకుదాం అనండి. ఉంటుంది.

ఉదాహరణకి మా వైపు తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం దిగుతారు. వాన మట్టిని కడిగేస్తే రాయి పైకి తేలి మెరుస్తుందని ఆశ. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెట్ల కింద వండుకుని రోజుల తరబడి నేల చూసుకుంటూ నడుస్తారు. ఆ ఊళ్ళ పిల్లవాడికి ఇది మామూలు విషయం, అందుకే కథలో రాయడు. ఒకడు రాశాడనుకోండి: బడి ఎగ్గొట్టి మేనమామతో కలిసి చేలో తిరిగాడు, మెరిసే రాయి దొరికింది, రాత్రంతా పిడికిట్లో పెట్టుకుని పడుకున్నాడు, మామ అప్పటికే బైక్ ఏది కొనాలో లెక్కలేశాడు, తెల్లారి తీసుకుపోయి చూపిస్తే వ్యాపారి దాన్ని వెనక్కి ఇవ్వడం కూడా ఇవ్వకుండా బల్ల మీద నుంచి వేలితో తోసేశాడు. ఇందులో ఆకలి లేదు, అప్పు లేదు. కానీ ఆ ఇంట్లో డబ్బు అంటే ఏమిటో, ఆశ అంటే ఏమిటో అంతా ఉంది, పైగా నవ్వొస్తుంది. సెలెక్షన్ కమిటీలో కూర్చున్నవాళ్ళు రోజంతా కన్నీళ్ళు చదివి చదివి ఉంటారు, ఇట్లాంటిది వస్తే లేచి కూర్చుంటారు.

ఈ కథ దిద్దేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కూడా ముందటి లాంటివే. రాయి ఎంత ఉంది, బుడ్డ (వేరుశనగ) గింజంతా, ఉసిరికాయంతా? వ్యాపారి ఏమన్నాడు, అసలు ఏమైనా అన్నాడా? తిరిగొచ్చేటప్పుడు బండి మీద మామ ఏం మాట్లాడాడు?

అందరికీ తెలిసినది, తనకే తెలిసినది

వాన సంగతికి వస్తే, అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ అని ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. పిల్లవాడి కాగితంలో అది అక్కర్లేదు. బుడ్డల చేను ఊడలు దిగే సమయానికి ఒక్క వాన కావాలి, ఆ వాన రాలేదు, అప్పుడు వాళ్ళ నాయన ఏం చేశాడు? ట్యాంకర్ పెట్టించాడా, గుడికి పోయాడా, గొర్రెలను చేలోకి వదిలేశాడా, లేక ఊరికే గట్టు మీద కూర్చున్నాడా? అది ఏ పుస్తకంలోనూ లేదు, వీడికే తెలుసు. దిద్దేటప్పుడు ప్రతి వాక్యానికి ఈ పరీక్ష పెట్టండి: ఇది ఊళ్ళో ఎవరైనా రాయగలరా, వీడే రాయగలడా? ఎవరైనా రాయగలిగేవి ఒకటి రెండు వాక్యాల్లో దాటేయమనండి, వీడే రాయగలిగేది వస్తే ఆగమనండి.

ఇంకో రకం చిక్కు కూడా చూస్తుంటాం. కర్నూలు పాతబస్తీ పిల్లలు వరదల గురించి బ్రహ్మాండంగా రాస్తారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊళ్ళోకి వచ్చాయి, "నేను మేడ మీద నుంచి చూస్తుండగా" అని మొదలుపెడతారు. రాసిన పిల్ల వయసు ఇప్పుడు పదిహేడు. లెక్క కట్టి చూడండి, అప్పటికి ఒళ్ళో పాప. అబద్ధం చెబుతోందని కాదు, ఇంట్లో వందసార్లు విన్నది తన జ్ఞాపకమే అయిపోయింది. దాన్ని కొట్టేయాల్సిన పని లేదు, ఎవరి జ్ఞాపకమో వాళ్ళకు ఇచ్చేస్తే చాలు. "నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో మా జేజి ఇప్పటికీ గోడ పక్కన నిలబడి చేత్తో చూపిస్తుంది" అని రాస్తే అది నిజం, ఇంకా బలమైనది, పైగా జేజి కథలోకి వచ్చింది.

ఇట్లాంటి లెక్కలు చూడటం దిద్దేవాళ్ళ పనే. ఆరో తరగతి అంటాడు, పక్క పేరాలో పదేళ్ళ వయసు అంటాడు, ఇంకో చోట ఎనిమిదో తరగతి సారు పేరు వస్తుంది. జిల్లాలు కూడా చూడండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక మహానంది, అహోబిలం, శ్రీశైలం నంద్యాల జిల్లాలోకి పోయాయి, హిందూపురం, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి. చిన్నప్పటి సంగతి రాస్తూ అప్పటి జిల్లా పేరే వాడితే తప్పులేదు, కానీ ఇప్పటి సంగతికి పాత పేరు పెడితే చదివేవాళ్ళు అక్కడ ఆగుతారు.

అమ్మ చదివితే?

కథ దాదాపు తయారైందనుకున్నాక, అచ్చుకు పంపే ముందు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి. ఇది మీ అమ్మ చదివితే, మీ ఊళ్ళోవాళ్ళు చదివితే ఏమవుతుంది? దరఖాస్తు అయితే నలుగురు చూస్తారు, మ్యాగజైన్ అయితే ఊరంతా చూస్తుంది, ఎవరో ఫోటో తీసి గ్రూపుల్లో పెడతారు. అప్పు ఇచ్చినాయన పేరు, కులం పేరు పెట్టి తిట్టినాయన పేరు, ఇల్లు విడిచిపోయిన అక్క పేరు, ఇవి కాగితం మీదికి ఎక్కితే వెనక్కి తీసుకోలేం. పేరు తీసేసి "మా ఊరి షావుకారు" అంటే కథకు వచ్చే నష్టమేమీ లేదు. అమ్మ విషయం అయితే అమ్మకు చదివి వినిపించమనండి. చదువురాని అమ్మలైనా సరే, వాళ్ళు విని "అది అట్ల కాదురా" అని ఒక మాట చెబుతారు చూడండి, దిద్దేవాళ్ళు ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా దొరకని దిద్దుబాటు అది.

కోత, అచ్చుతప్పులు, ఇంకా కొన్ని

మొదటి పేరా చేత్తో మూసి రెండో పేరా నుంచి చదవండి. కథ అర్థమైతే మొదటిది అక్కర్లేదు, బుడ్డలు ఒలిచినట్టు ఒలిచి పారేయొచ్చు. చివరి పేరాకు కూడా అదే చేయండి. "ఈ సంఘటన నా జీవితంలో ఒక మలుపు", "కష్టపడితే సాధించలేనిది లేదు" లాంటివి వస్తే దానికి ముందు వాక్యం దగ్గర ఆపేస్తే ఎట్లుందో చూడండి, చాలాసార్లు అక్కడే బాగుంటుంది. దరఖాస్తులో నువ్వు ఏం చదవాలనుకుంటున్నావు అని విడిగా అడిగితే అది విడిగానే రాయమనండి, కథ తోకకు కట్టొద్దు.

ఐదు వందల మాటల్లో అని నిబంధన ఉంటే భయపడక్కర్లేదు. తెలుగులో మాట మీద మాట అతుక్కుంటుంది కాబట్టి ఇంగ్లీషులో ఏడెనిమిది మాటలయ్యేది మనకు మూడు నాలుగు మాటల్లో అయిపోతుంది. కోయాల్సి వస్తే ముందు "చాలా", "ఎంతో", "ఎన్నో" కోయండి. తర్వాత ఒకే సంగతిని రెండుసార్లు చెప్పిన చోట్లు. సంభాషణ మాత్రం చివరిదాకా కోయొద్దు.

చాట్‌జీపీటీతో రాయించుకొచ్చిన కాగితాలు ఇప్పుడు బాగా వస్తున్నాయి. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు, వాక్యాలన్నీ ఇస్త్రీ చేసినట్టుంటాయి, ఊరు ఉంటుంది కానీ ఊళ్ళో ఎవరూ ఉండరు. తిట్టి లాభం లేదు. "ఈ అమ్మ ఏం చీర కట్టుకుంది? ఈ బడి ఏ రోడ్డు మీద ఉంది?" అని అడుగుతూ పోండి. రెండు ప్రశ్నలకే వాళ్ళు నవ్వేసి కాగితం వెనక్కి తీసుకుంటారు. అప్పుడు ఫోన్ ఇచ్చి రికార్డు చేయమనండి.

అచ్చుతప్పులు అన్నిటికంటే చివర. ఇప్పుడు తీయండి ఎర్ర పెన్ను, కావాలంటే. ల, ళ తేడా, శ, ష, స తేడా, ఫోన్ కీబోర్డు తనంతట తాను మార్చేసిన మాటలు, వాయిస్ టైపింగ్‌లో మన యాస అర్థంకాక అది రాసేసిన విడ్డూరాలు, ఇవన్నీ ఒక్క పూటలో అయిపోతాయి. వాక్యం మీకు నచ్చలేదని మాత్రం ఈ దశలో మార్చకండి. మీకు ఇంకా మంచి వాక్యం తోస్తుంది, తప్పకుండా తోస్తుంది, దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. నలభై ఏళ్ళ మనిషి వాక్యం పదహారేళ్ళ పిల్ల పేరాలో ఎక్కడున్నా తెలిసిపోతుంది.

రెండు డ్రాఫ్ట్‌ల మధ్య రెండు మూడు రోజులైనా ఖాళీ ఇవ్వండి, రేపే చివరి తేదీ అయితే కనీసం ఒక రాత్రి. ఆఖరి కాపీ వాళ్ళ చేత్తోనే రాయించండి లేదా వాళ్ళతోనే టైప్ చేయించండి, మీ ఫోన్లోంచి మీరు పంపొద్దు. పాత డ్రాఫ్ట్‌లు చింపకుండా తేదీలు వేసి ఒక కవర్లో పెట్టుకోమనండి. స్కాలర్‌షిప్ కథలోంచి తీసేసిన వజ్రాల రాయి వచ్చే ఏడు మ్యాగజైన్‌కి పనికొస్తుంది.